ఇంగ్లండు నదులలో నీటికుక్క

క్రీ. శ. 1566వ సంవత్సరమున, ఎలిజబెత్తు రాణి పాలనములో, ఇంగ్లండు పార్లమెంటు ధాన్యసంరక్షణమను పేర నొక శాసనము గావించెను. పంటకు గాని పశువులకు గాని చేపలకు గాని కీడు చేయునని నాటివారు తలచిన పక్షులకును మృగములకును అందొక పట్టిక కలదు. ఆ జంతువుల తలలు తెచ్చి చూపినవారికి గ్రామపు చర్చి పెద్దలు, భూస్వాములయొద్ద వసూలు చేసిన సొమ్ములోనుండి బహుమానమీయవలెను. నక్క తలకు పన్నెండు పెన్నీలు. మూడు ఎలుకల తలలకు ఒక పెన్నీ. ముండ్లయెలుకకును, నీటికుక్కకును తలకు రెండేసి పెన్నీలు. ముండ్లయెలుక చేసిన నేరమేమని చదువరులడుగవచ్చును. రాత్రివేళ పండుకొనియున్న ఆవుల పొదుగులనుండి అది పాలు త్రాగునని నాటివారి నమ్మకము. ఆ నమ్మకము వట్టి అబద్ధము. నీటికుక్క నేరము మాత్రము నిజమే. అది చేపలను తినును. ఈ శాసనము మూడువందల యేండ్లకు కొంచెము తక్కువగా పుస్తకములలో నిలిచి 1863లో రద్దయ్యెను.

మన కృష్ణా గోదావరుల సముద్రసంగమములకడ మడ అడవులలో నీటికుక్కయని పిలువబడు జంతువు ఇంగ్లండు జంతువునకు దాయాది. సంస్కృతమున దీనికి ఉద్రమని పేరు. యజుర్వేద సంహితలలో అశ్వమేధ ప్రకరణమునందు చెప్పబడిన మృగముల వరుసలో ఉద్రమొకటి. ఇంగ్లీషువారి ఆటర్ అను మాటయు, మన ఉద్ర శబ్దమును, నీటికి సంబంధించిన ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనవారు దీనిని కుక్కయనిరి. వేదవ్యాఖ్యాత యొకరు నీటిపిల్లియనెను. నిజమునకది కుక్కయు గాదు, పిల్లియు గాదు. ముంగిసవలె సాగిన ఒడలు, వేళ్లనడుమ పొరగల పాదములు, బలమైన తోక కలిగి, తోకతో కూడ మనిషి నడుమునకు మించిన పొడవుండును. ఇంగ్లండులో ఇది ఎక్కువగా రాత్రులే సంచరించును. ఒక్కొక్క జంతువునకు మైళ్లకొలది నది కావలెను. ఆడది ఒక్క కాన్పున రెండు మూడు పిల్లలను కని, యించుమించు సంవత్సరము వాటిని వెంటబెట్టుకొని తిరిగి చేపలు పట్టుట నేర్పును. కావున ఒక నదిలో నీటికుక్కలు నశించినచో అవి మరల నిండుటకు చాలకాలము పట్టునని చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథకు ఈ సంగతి కీలకము.

ఇంగ్లండు రాజులు పండ్రెండవ శతాబ్దమునుండియే నీటికుక్కల వేటకు ప్రత్యేకముగా కుక్కలను, వేటకాండ్రను పోషించిరి. 1653లో ఐజాక్ వాల్టన్ చేపల వేటను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథములో, నీటికుక్క చేపలకు శత్రువు గనుక గాలమువేయువారు దానిని ద్వేషించుట న్యాయమే యన్నట్లు చెప్పబడినది. పందొమ్మిదవ శతాబ్దమునకు వచ్చుసరికి చేపల రక్షణమను నెపము వెనుకబడి, వేట వినోదమే ముందునకు వచ్చెను. 1844లో లాండ్సియరను గొప్ప చిత్రకారుడు ఈ వేటను చిత్రించి రాయల్ అకాడమీలో ప్రదర్శించెను. వేటకాడు ఈటెకు గ్రుచ్చిన నీటికుక్కను పైకెత్తియుండగా చుట్టును కుక్కలు ఎగిరిపడుచుండుట ఆ పటములోని విషయము. తరువాత ఈటె వాడుట పెద్దమనుష్యులకు తగదని విడిచిరి. విడిచిరనగా దయ పుట్టి కాదు. ఈటె వలన వేట త్వరగా ముగియుచుండెను.

నక్కవేట వలె ఇది గుఱ్ఱములు గల ధనికులకు మాత్రమే చెందినది కాదు. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు వేసవికాలమంతయు, నడువగల వారందరును వెంటబోవచ్చును. మతగురువులు, స్త్రీలు, పడుచువారు, దారిని బోవు కూలీలు సైతము ఏటి గట్టున చేరుచుండిరి. నీటికుక్క లోతునీటిలోనికి తప్పించుకొనిపోకుండ, లోతు తక్కువైన చోట మనుష్యులు కఱ్ఱలు చేతబట్టి వరుసగా కాళ్లు కలిపి నీళ్లలో నిలిచి మానవుల అడ్డుకట్ట వేయుదురు. జంతువు ఊపిరికై తల పైకెత్తినప్పుడెల్ల కేకలు వేయుదురు. ఒక్కొక్క వేట గంటలకొలది సాగుచుండెను. నీటికుక్కలు ఫలానా ఋతువని లేక ఏ కాలమునందైనను పిల్లలను కనును గనుక, చంపబడువానిలో చూలువి, పాలిచ్చునవి యుండుట తప్పనిసరి.

దీనిని ప్రతిఘటించినవారిలో హెన్రీ సాల్ట్ పేరు మన చదువరులు వినియుందురు. ఈటన్ పాఠశాలలో ఉపాధ్యాయపదవి విడిచి, నిరాడంబరజీవనము నవలంబించి, 1891లో కొందరు మిత్రులతో కలిసి హ్యుమానిటేరియన్ లీగు అను దయాసమాజమును స్థాపించెను. లండనులో న్యాయశాస్త్రము చదువుకొనుచున్న మోహనదాసు గాంధి ఆయన వ్రాసిన శాకాహారవాద పుస్తకమును చదివి, తల్లికిచ్చిన మాటకొరకు మాత్రమే పాటించిన నియమమును అప్పటినుండి తన యిష్టముగా స్వీకరించెను. 1931లో గాంధిగారు లండనులోని శాకాహార సంఘములో ఉపన్యసించినప్పుడు వృద్ధుడైన సాల్ట్ ఆ సభలో నుండెను. ఈ దయాసమాజమువారు కొరడాదెబ్బల శిక్షకును, వేటకును సమానముగా విరోధులు. మనుష్యుని యెడల క్రూరత్వమును, మృగముల యెడల క్రూరత్వమును ఒకే వేరునుండి మొలచినవని వారి వాదము. నీటికుక్కల వేటపై వారు కరపత్రములు వ్రాసిరి, సభలు చేసిరి, వేట ఆగలేదు.

1927లో హెన్రీ విలియంసన్ డెవన్ మండలమునందలి టా, టారిడ్జ్ అను రెండు నదుల నడుమ తిరుగు టార్కా యను నీటికుక్క జీవితకథను ప్రకటించెను. వేటకుక్కలచేత తరుమబడి ముగియు ఆ కథ దేశమంతట కన్నీరు పుట్టించి, మరుసటియేట హాథార్న్‌డెన్ బహుమానము పొందెను. ఆ గ్రంథకర్త తన కథకు కావలసిన వివరములు సంపాదించుటకై తానే వేటకాండ్రవెంట తిరిగినాడు! కథ చదివి ఏడ్చినవారి పిల్లలు పెద్దవారైన పిదప కూడ వేట జరుగుచునే యుండెను. 1949లో వేటలను నిషేధించుటకై పార్లమెంటులో తెచ్చిన బిల్లులు నిలువలేదు. ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1951లో నివేదిక యిచ్చి, నిషేధ మక్కఱలేదనెను.

ఇంతవరకు చెప్పినది క్రూరుల కథ, దయాళువుల కథ. వీరిద్దరికిని తెలియని మూడవ కథ యొకటి 1957 ప్రాంతమున మొదలయ్యెను.

వేటసంఘములవారికొక మంచి అలవాటు కలదు. ఏ దినమున ఏ నదిమీదికి బోయిరి, ఎన్ని నీటికుక్కలను లేపిరి, ఎన్నిటిని చంపిరి, అన్నియు పుస్తకములలో వ్రాసియుంచుదురు. మేము ఉపాధ్యాయులము గనుక హాజరుపట్టీ విలువ మాకు తెలియును. పిల్లవాడు ఏనాటినుండి బడికి రాలేదో పట్టీ చెప్పునట్లు మరెవ్వరును చెప్పలేరు. ఈ వేటపుస్తకములను పాల్ చానిన్, డాన్ జెఫరీస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సేకరించి పరిశీలించి, 1978లో లిన్నేయను సంఘము వారి జీవశాస్త్ర పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. చంపిన లెక్కలు వారు ముఖ్యముగా తీసికొనలేదు. వేటకు బోయిన దినములు నూరింటికి ఎన్నిమారులు నీటికుక్క కనబడెనో ఆ లెక్క తీసిరి. ఎన్నో యేండ్లుగా పెద్ద మార్పు లేక సాగుచున్న ఆ సంఖ్య 1957, 58 సంవత్సరములనుండి ఒక్కమారుగా పడిపోయినది. అదియు ఒక నదిలో గాదు. దక్షిణ ఇంగ్లండునందు దూరదూరములనున్న సంఘముల పుస్తకములన్నిటిలోను ఇంచుమించు ఒకే కాలమున పడిపోయినది.

కారణమేమి? మన తార్కికులు చెప్పు పరిశేషన్యాయము, అనగా కానివానిని ఒక్కొక్కటిగా త్రోసివేయగా మిగిలినదే కారణమనుట, ఇందు చక్కగా కనబడును. వేటయే కారణమందమా? వేట వందలయేండ్లుగా నున్నది. 1957లో హఠాత్తుగా హెచ్చలేదు. రోగమందమా? వరుసగా రోగపు కళేబరములు దొరకలేదు. చలియందమా? ఇంగ్లండులో నదులు గడ్డకట్టిన ఘోరశీతకాలము 1962–63లో వచ్చెను; క్షీణత అంతకు ముందే మొదలయినది. ఉన్నికై అమెరికానుండి తెచ్చి బోనులలో పెంచగా తప్పించుకొనిపోయిన మింక్ అను జంతువు పోటీయందమా? అది విడిగా పిల్లలను పెట్టినట్లు మొదట రూఢియైనది 1956లో, డెవన్‌లోని టీన్ నదిమీద. దేశమంతట వ్యాపించుటకింకను చాలయేండ్లు పట్టెను. నదులకు మురుగు చేరుట, గట్టున చెట్లు నరుకుట ఇవన్నియు కీడులే. కాని ఇవి మెల్లగా వచ్చిన కీడులు. ఒక్కమారుగా, అంతటను, 1957కు కొంచెము ముందుగా వచ్చిన క్రొత్తవస్తువేది?

అది డీల్డ్రిన్, ఆల్డ్రిన్ అను పురుగుమందుల వాడుక. మన పల్లెలలో పురుగుమందుకు మారుపేరై, ఎన్నో యిండ్లలో విషాదమునకు కారణమైన ఎండ్రిన్‌ను ఎఱుగని తెలుగువాడుండడు. ఎండ్రిన్ డీల్డ్రిన్‌కు తోబుట్టువు; రెండింటి యందలి పరమాణువులు ఒకటే, వాటి యమరిక మాత్రమే వేఱు. 1955, 56 ప్రాంతమునుండి ఇంగ్లండు రైతులు గోధుమ, బార్లీ విత్తనములకు ఈ మందులు పట్టించి చల్లసాగిరి; గొఱ్ఱెలకు పట్టు పురుగులు చచ్చుటకై డీల్డ్రిన్ కలిపిన నీటిలో వానిని ముంచసాగిరి. ఆ నీరు వాగులలోనికి బోయెను. ఈ మందు నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. పురుగులోని క్రొవ్వునుండి చిన్నచేపకు, చిన్నచేపనుండి మలుగుపామునకు, మలుగుపామునుండి నీటికుక్కకు మెట్టుమెట్టునకు చిక్కనగుచు చేరును. మలుగుపాము బలిసిన చేప, నీటికుక్కకు ప్రియాహారము. ఆహారము దొరకని దినములలో శరీరము తన క్రొవ్వును కరిగించుకొన్నప్పుడు దాగియున్న విషము రక్తములో పడును. ఎవడును కఱ్ఱెత్తలేదు, కుక్కను వదలలేదు. పంట బాగుపడవలెనని విత్తనము చల్లిన రైతు ఎన్నడు చూడని జంతువును చంపెను.

పక్షులు మాత్రము బహిరంగముగానే చచ్చెను. 1960, 61 వసంతములందు విత్తనములు తిన్న పావురములు, ఇతర పక్షులు పొలములలో కుప్పలుగా పడెను; వానిని తిన్న నక్కలు వందలకొలది చచ్చెను. రాచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన సైలెంట్ స్ప్రింగ్ గ్రంథములో ఈ ఇంగ్లండు సంగతి చెప్పబడియున్నది. అదే కాలమున నొక వింత జరిగెను. పందెపు పావురములు పెంచువారు, బైరిడేగలు హెచ్చి మా పావురములను తినివేయుచున్నవి, వానికి చట్టమిచ్చిన రక్షణ తీసివేయుడని ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనిరి. సంగతి తేల్చుటకై డెరిక్ రాట్‌క్లిఫ్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున డేగలను లెక్కించిరి. హెచ్చుట యటుండనిచ్చి, డేగలు దేశమునుండి మాయమగుచున్నట్లు తేలినది! గ్రుడ్ల పెంకులు పలుచనై తల్లి పొదిగినప్పుడే పగిలిపోవుచున్నవని 1967లో ఆయనయే చూపెను. ఫిర్యాదువలన లెక్క పుట్టెను, లెక్కవలన నిజము పుట్టెను. నీటికుక్క కట్టి లెక్క లేకపోయెను. రాత్రి తిరుగు జంతువు, చచ్చినను ఏ పొదలోనో పడియుండును. 1960లో గావిన్ మాక్స్‌వెల్, తాను పెంచిన నీటికుక్కలను గూర్చి వ్రాసిన పుస్తకము లక్షలకొలది అమ్ముడుపోవుచుండగా, ఇంగ్లండు గృహిణులు ఆ జంతువును ముద్దుచేయుచుండగా, వారి యింటివెనుక నదిలో అది లేకుండ పోవుచున్నట్లు వారికి తెలియదు.

డీల్డ్రిన్ వాడుకను ఒక్కమారు నిషేధింపలేదు. 1962లో వసంతకాలపు విత్తనములకు, 1966లో గొఱ్ఱెలకు, 1975లో శరత్కాలపు విత్తనములకు, ఇట్లు మెట్లుగా ఆపుచు వచ్చిరి. తుదకు 1989లో పూర్తిగా ముగిసెను. నీటికుక్కను చంపరాదను చట్టము ఇంగ్లండు, వేల్సులందు 1978 జనవరిలోను, స్కాట్లండులో 1982లోను అమలునకు వచ్చెను. సాల్ట్ దయాసమాజము పుట్టి అప్పటికి 87 సంవత్సరములు. ఆయన పరమపదించి 39 సంవత్సరములు.

చట్టము వచ్చునాటికి మిగిలినదెంత? 1977–79లో ఇంగ్లండు నదులపై 2,940 చోట్లను వెదకిరి. నీటికుక్కను చూచుట అరుదు గనుక, ఒక్కొక్కచోట 600 మీటర్ల గట్టు నడచి, వంతెనల క్రింద, రాళ్లమీద అది విడిచిన మలమును వెదకుదురు. మలమనగా చదువరులు ముక్కు మూసికొననక్కఱలేదు. దాని వాసన మల్లెపూలు కలిపిన తేనీటివలె నుండునని పరిశోధకులు చెప్పుకొందురు. ఆ 2,940 చోట్లలో గుఱుతు దొరకినవి 170. అనగా నూటికి 5.8. వేల్సులో నూటికి 20. 2000–02 నాటికి ఇంగ్లండులో మూడవవంతునకు మించి, 2009–10లో నూటికి 58.8, వేల్సులో 90. కెంట్ మండలములో గూడ రెండు కనబడుటతో, ఇంగ్లండునందలి ప్రతి మండలమునకును నీటికుక్క తిరిగి వచ్చినదని 2011 ఆగస్టులో ప్రకటించిరి.

ఈ ఘనత ఎవరిది? ఇక్కడ మా అభిప్రాయము దాచము. చట్టము మంచిది, అది క్రూరత్వమును ఆపెను, ఆలస్యముగా వచ్చినను వచ్చినందుకు సంతోషింపవలెను. కాని 1978 నాటికి వేటకుక్కలకు దొరకునవే లేవు. పలుచోట్ల వేటకాండ్రే కుక్కలను వెనుకకు పిలుచుకొనుచుండిరి. విషము ఆగనిచో ఆ చట్టము శూన్యమైన నదికి కావలికాయుటయే యయ్యెడిది. ఫిలిప్ వేయిన్ అను పెద్దమనిషి 1971లో స్థాపించిన ఆటర్ ట్రస్టు సంస్థవారు బోనులలో పుట్టిన నీటికుక్కలను 1983 మొదలు 1999 వరకు 117 విడిచిరి. మొదటివానిని సఫక్ మండలములోని బ్లాక్‌బోర్న్ వాగున విడిచిరి. తూర్పుమండలములలో బీజముగా అవి పనికివచ్చినవి. పడమట వేల్సు, డెవన్ ప్రాంతములలో చావక మిగిలినవాని సంతతి, నీరు శుభ్రపడినకొలది, నదివెంట నదిగా తామే తూర్పునకు నడచి వచ్చినవి. కొలువులో పేరుపొందునది విడిచినవాని చేయి. ఎక్కువ పని చేసినది మాత్రము విడువబడని విషము.

ఇతర దేశీయ మృగముల గతి క్లుప్తముగా చెప్పెదము. నీటియెలుకను మింక్ ఇంచుమించు నిర్మూలించినది. ఎఱ్ఱగద్ద మధ్యవేల్సులో కొద్దిజతలుగా మిగిలియుండగా 1989నుండి స్పెయిన్, స్వీడన్ దేశములనుండి పిల్లలను తెచ్చి విడువగా నేడు ఇంగ్లండులో సామాన్యపక్షియైనది. ఉన్నికొరకు ఎన్నడో పదునారవ శతాబ్దమున నిర్మూలింపబడిన బీవరు, డెవన్‌లో నీటికుక్క పేరే గల ఆటర్ నదిలో కాపురము పెట్టగా, అయిదేండ్ల పరీక్ష పిమ్మట 2020లో ప్రభుత్వము దానిని అచ్చట నుండనిచ్చెను. ఇంకొకటి కలదు. నీటికుక్కను చంపుటకై తరతరములుగా పెంచిన ఆటర్‌హౌండ్ అను కుక్కజాతి, పని పోయినందున, ఇప్పుడు కుక్కలసంఘమువారి అపాయములోనున్న దేశీయజాతుల పట్టికకెక్కినది.

తిరిగివచ్చినదానికి అందరును స్వాగతమిచ్చిరనుకొనరాదు. చెఱువులలో పెద్ద కార్పుచేపలు పెంచి, గాలమువేయువారియొద్ద రుసుము తీసికొని జీవించువారికి, ఒక్కరాత్రిలో ఒక్క నీటికుక్క చేయు నష్టము చిన్నది కాదు. వారి యాక్రోశము నపహసించుట తగదు. ఆ కార్పుచేప మన బొచ్చె, రోహితముల కుటుంబమునకే చెందినదనియు, అది ఇంగ్లండునకు దేశీయము గాక మధ్యయుగములలో ఐరోపానుండి తేబడినదనియు చెప్పుట వాదమునకు బాగుండును గాని అప్పుపడినవానికి ఓదార్పు కాదు. కంచె వేసికొనుటకు వారికి కొంత ధనసహాయము చేయుచున్నారు. మా తలపులో ఈ తగవునకు కంచె యొక్కటే మార్గము. రెండు పెన్నీల కాలమునకు తిరిగి పోరాదు.

వేల్సులో 2015–18లో మరల లెక్కించినప్పుడు, మునుపు నూటికి 90 చోట్ల నున్న గుఱుతులు 70 చోట్లకు తగ్గినవి. మలుగుపాముల పిల్లలు సముద్రమునుండి నదులకు వచ్చుట 1980కి పూర్వముతో పోల్చగా ఐరోపాలో నూటికి 90కి పైగా తగ్గినది. కార్డిఫ్ విశ్వవిద్యాలయమువారు 1990 తరువాతి తొలియేండ్లనుండి చచ్చిన నీటికుక్కలను తెప్పించుకొని కోసి పరీక్షించుచున్నారు. వానిలో అధికభాగము రోడ్డుమీద మోటారుబండ్ల క్రింద పడినవి. దారిని బోవు సామాన్యులే కబురు చేయుదురు. 2007–09 సంవత్సరములలో దొరకిన 50 నీటికుక్కల కాలేయములను వారు పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. అంటుకొనని పెనములకు పూత వేయుటలోను, నీటికి తడవని బట్టలకును వాడు ఫ్లోరిను సమ్మేళనములు, ప్రకృతిలో ఎన్నటికిని విడిపోవనివి, ఆ యాబదింటిలోను కనబడినవి.